నాలుగు కమానుల నడుమ కాపురాలు



మన గనుల ప్రాంతం నుండి హైదరాబాదుకు వెళ్ళని కుటుంబం ఇప్పుడు దాదాపు లేదనే చెప్పాలి. ఒకరు పెద్దాసుపత్రి పని మీద వెళతారు. ఒకరు పిల్లల కాలేజీ సీటు కోసం వెళతారు. మరొకరు పెండ్లి బట్టలకు వెళతారు. రామగుండం స్టేషనులో భాగ్యనగర్ ఎక్కి సికింద్రాబాదులో దిగుతారు. పని ముగిసిన తరువాత, "ఇంత దూరం వచ్చి చార్మినారు చూడకుండా పోతామా?" అనుకుంటారు. అక్కడ ఒక ఫోటో తీయించుకొని, పక్క బజారులో రెండు డజన్ల గాజులు బేరమాడి, మరల బండి ఎక్కుతారు.

ఆ ఫోటోలో నాలుగు మినార్లు పడతాయి. ఫోటోలో పడనిది మరొకటున్నది. అదే ఆ కట్టడం చుట్టూ నాలుగు వందల ఏండ్లకు పైగా కాపురం చేస్తూ వచ్చిన పేట. రాళ్ళను కాపాడడం ఒక పని, ఆ రాళ్ళ మధ్య బ్రదుకుతున్న మనుష్యులను కాపాడడం మరొక పని. ఈ రెండూ ఒక్కటి కావని తెలిసికోవడానికి ఈ నెల ఆ పేటలో కొంచెం నడిచి చూద్దాము. కంపెనీ క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనకు ఈ సంగతి చాలా దగ్గరిది.

నాలుగు దారుల ఊరు

గోలకొండను ఏలిన కుతుబ్ షాహీ సుల్తానులలో ఐదవవాడు మహమ్మద్ కులీ కుతుబ్ షా. కోట లోపల జనం కిక్కిరిసిపోగా, మూసీ నదికి ఇవతల క్రొత్త నగరం కట్టించాలని ఆయన తలపెట్టాడు. 1591లో చార్మినారు లేచింది. అప్పటికి హిజ్రీ శకంలో వెయ్యవ సంవత్సరం వచ్చింది. ప్లేగు వ్యాధి తొలగిపోయినందుకు గురుతుగా కట్టించాడని కూడ జనం తరతరాలుగా చెప్పుకొంటున్నారు. నగరానికి నమూనా గీసినవాడు ఆయన ప్రధాని మీర్ మోమిన్ అస్త్రాబాదీ. ఇరాను దేశం నుండి వచ్చిన పండితుడాయన.

నమూనా చాలా తేలికైనది. నడుమ చార్మినారు, దాని నాలుగు వైపులా నాలుగు పెద్ద దారులు. ఊరు ఎటు పెరిగినా ఆ నాలుగు దారుల వెంటనే పెరగాలి. చార్మినారుకు ఉత్తరాన కొద్ది దూరంలో నాలుగు పెద్ద కమానులు కట్టారు. వీటినే చార్ కమాన్ అంటారు. ఉత్తరపుది మచ్లీ కమాన్, అనగా చేప కమాను. తూర్పుది కాలీ కమాన్. పడమటిది షేర్-ఎ-బాతిల్ కమాన్, ఒకప్పుడు రాజమహలుకు దారి అటునుండే. దక్షిణపుది చార్మినార్ కమాన్. ఈ నాలుగింటి నడుమ ఒక నీటి తొట్టి ఉన్నది. దానిని గుల్జార్ హౌజ్ అంటారు.

1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకొన్నాడు. కులీ కట్టించిన రాజమహళ్ళు నేలమట్టమైనాయి. ఈనాడు వాటి జాడ కూడ లేదు. రాజు ఇల్లు పోయింది గాని, రాజు వేసిన దారి మిగిలింది. ఎందుకనగా మహలులో రాజొక్కడే ఉన్నాడు, దారిలో ఊరంతా నడిచింది. అమ్మేవాడు, కొనేవాడు, ప్రార్థనకు వెళ్ళేవాడు, శవాన్ని మోసేవాడు అందరూ ఆ దారినే నడిచారు. జనం వాడుకొన్నదానిని చెరపడం ఏ సేనకూ సులువు కాదు.

చార్మినారుకు నైరుతి దిక్కున ఉన్న మక్కా మసీదు ఇందుకు మరొక సాక్ష్యం. దానిని కుతుబ్ షాహీలు 1617లో ఆరంభించారు. వారి రాజ్యం పడిపోయిన తరువాత, వారిని ఓడించిన ఔరంగజేబే 1694లో దానిని ముగించాడు. శత్రువు మొదలుపెట్టిన పనియైనా, జనానికి అవసరమైనది గనుక దానిని విడువలేకపోయాడు.

వరద తరువాత లేచిన రాతి వీధి

నయాపూల్ దాటి చార్మినారు వైపు వస్తుంటే, మదీనా చౌరస్తా తరువాత దారికి ఇరువైపులా ఒకే ఎత్తున రాతి కమానుల వరుస కనబడుతుంది. అదే పత్థర్‌గట్టి. చాలామంది దానిని కూడ చార్మినారు నాటిదే అనుకొంటారు. కాదు. అది నిన్నమొన్నటిది. దాని వెనుక ఒక పెద్ద దుఃఖమున్నది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. ఎగువన చెరువులు తెగి నీరు నగరం మీద పడింది. దాదాపు 15 వేలమంది ఆ ఒక్క వరదలో పోయారు. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఆ చెట్టు నేటికీ ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ తన మహళ్ళ తలుపులు తెరిపించి దిక్కులేనివారికి చోటిచ్చాడు. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన ఆలోచన మేరకే ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అనే రెండు జలాశయాలు వచ్చాయి. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తియైనవి.

నీటికి కట్ట వేస్తే సరిపోదు, ఇరుకు బస్తీలను కూడ బాగుచేయాలని 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఆ బోర్డు వేయించిన వీధే పత్థర్‌గట్టి. క్రింద దుకాణం, పైన కాపురం. దుకాణం ముందు కమానుల నీడలో నడవడానికి దారి. ఎండ కాచినా వాన కురిసినా కొనుగోలుదారు తడవడు, ఎండడు. ఎవరి దుకాణం వారిదే గాని ముఖం మాత్రం అందరిదీ ఒకటే. ఒకడు గొప్పగా, మరొకడు తక్కువగా కనబడకుండ కట్టిన వీధి అది.

దీనిలో మనం గమనించవలసినది ఒకటున్నది. ఆపద తరువాత కట్టిన వీధి కేవలం గోడలుగా రాలేదు. అమ్మేవాడు అక్కడే కాపురముండాలి, నడిచేవాడికి నీడ ఉండాలి అని ముందే తలంచి కట్టారు. అందుచేతనే అది వందేండ్ల నుండి నిలిచి ఉన్నది. ఈనాటికీ అక్కడ బట్టల దుకాణాలు, ముత్యాల దుకాణాలు, అత్తరు దుకాణాలు నడుస్తున్నాయి.

కుంపటి మీద కరిగే లక్క

చార్మినారుకు పడమట లాడ్ బజారున్నది. లాడ్ అనగా లక్క. అక్కడ అమ్మే గాజుల పుట్టుక చెట్టు కొమ్మల మీద చిన్న పురుగులు విడిచే జిగురులో ఉన్నది. ఆ లక్కను బొగ్గుల కుంపటి మీద మెత్తబరచి, కడ్డీగా సాగదీసి, గుండ్రంగా వంచుతారు. అది చల్లబడకముందే అద్దపు ముక్కలు, రంగురాళ్ళు ఒక్కొక్కటే చేతితో పొదుగుతారు. కుంపటిలోనిది కర్రబొగ్గే గాని మన రాక్షసి బొగ్గు కాదు. అయినను నిప్పు దగ్గర కూర్చొని కుటుంబాన్ని పోషించడమంటే ఏమిటో మన ఇండ్లలో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ పని ఫ్యాక్టరీలో జరిగేది కాదు. చుట్టుపట్ల గల్లీలలోని చిన్న ఇండ్లలో భార్య, భర్త, పిల్లలు కలిసి చేసేది. దుకాణంలో మెరిసే గాజుకూ ఆ గల్లీలో కమిలిన వ్రేలికీ నడుమ దూరం కొన్ని వందల అడుగులే. ఆ దూరం పెరిగితే బజారు స్వభావమే మారిపోతుంది. అద్దె భరించలేక పనివారు ఊరి చివరకు పోతే, దుకాణానికి సరకు ఎక్కడో యంత్రం మీద తయారై వస్తుంది. బోర్డు మీద లాడ్ బజారు అనే పేరుంటుంది గాని లక్క ఉండదు.

2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అనగా ఆ పేరుతో మరొక చోట చేసిన సరకును అమ్మకూడదు. మంచిదే. అయితే చట్టం పేరును కాపాడగలదు. ఆ పని నేర్చుకొనే పిల్లవాణ్ణి చట్టం పుట్టించలేదు. తండ్రి కూలి గిట్టుబాటైతేనే కొడుకు కుంపటి దగ్గర కూర్చుంటాడు.

ఏమి కాపాడారు?

ఈ పేటను కాపాడడానికి ప్రయత్నాలు జరుగలేదని చెప్పలేము. చార్మినారు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. 2010లో సవరించిన చట్టం ప్రకారం అట్టి కట్టడానికి 100 మీటర్ల లోపల క్రొత్త నిర్మాణం నిషేధము, ఆ తరువాత మరి 200 మీటర్ల వరకు అనుమతి కావాలి. అదే సంవత్సరం గోలకొండ కోట, కుతుబ్ షాహీ సమాధులతో కలిపి చార్మినారు యునెస్కో వారి తాత్కాలిక జాబితాకెక్కింది. 2017లో తెలంగాణ రాష్ట్రం వారసత్వ కట్టడాల రక్షణకు ప్రత్యేక చట్టం చేసింది. చార్మినారు చుట్టూ వాహనాల పొగ, అదురు తగ్గించుటకు పాదచారుల పథకం పెట్టి, దారిలో రాళ్ళు పరిపించారు. అయినను 2019 మే నెలలో ఒక మినారు నుండి గచ్చు పెళ్ళ ఊడి పడింది. ముసలి శరీరం వలెనే ముసలి కట్టడానికి కూడ నిత్యం పరిచర్య కావలసి ఉన్నది.

దగ్గరనే ఉన్న చౌమహల్లా మహలును నిజాం వంశీకులు ఓపికగా బాగుచేయించి 2005లో ప్రజలకు తెరిచారు. దానికి 2010లో యునెస్కో వారి ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది. కోల్పోయినవీ ఉన్నాయి. నగరం చుట్టూ ఒకప్పుడు ఎత్తయిన ప్రహరీ, దానికి పేరు పేరునా దర్వాజాలు ఉండేవి. గోడ పోయింది. దర్వాజాలలో దబీర్‌పురా, పురానాపూల్ అనే రెండు మాత్రమే మిగిలాయి. మిగతావి బస్సు స్టాపుల పేర్లలో బ్రదుకుతున్నాయి.

ఇప్పుడు 2025 మే 18 ఆదివారం ఉదయం సంగతి చెప్పాలి. గుల్జార్ హౌజ్ దగ్గర, ఆ నాలుగు కమానుల నడుమనే, క్రింద దుకాణాలు పైన కాపురమున్న ఒక పాత ఇంటిలో నిప్పంటుకొన్నది. 17 మంది మరణించారు. వారిలో 8 మంది చిన్నపిల్లలు. సెలవులకని బంధువులు కూడిన ఇల్లది. లోపలికి వెళ్ళడానికి సొరంగం వంటి ఇరుకు దారి, పైకి ఒకటే మెట్ల వరుస. వేరే దారి లేదు. పొగ నిండిన తరువాత బయటికి వచ్చే మార్గం కనబడలేదు. అగ్నిమాపక వారు రాకమునుపే, తెల్లవారుజామున నమాజు ముగించుకొని వస్తున్న గాజుల వ్యాపారులు షట్టరు పగులగొట్టి, గోడకు కన్నం చేసి లోపలికి దూరారు. ప్రాణాలతో తేగలిగినవారు దొరకలేదు. అయినను వారు వెనుదీయలేదు.

ప్రియులారా, ఆ ఒక్క ఉదయాన ఆ పేట బలహీనతా, ఆ పేట బలమూ రెండూ బయటపడ్డాయి. ముఖం చూచి ముచ్చటపడే పాత ఇంటికి లోపల పాత తీగలుంటాయి, ఒకే తలుపుంటుంది. యాత్రికునికి అది అందం. కాపురముండేవారికి అది ప్రతి రాత్రి అపాయం. కమానుకు సున్నం వేయించి, కమాను వెనుక నిద్రించే పిల్లలకు రెండవ మెట్ల దారి లేకుండ విడిచిపెడితే దానిని కాపాడడమని ఎట్లా అనగలము? మరి ఆ పేట బలమో, పక్కింటివాడే. కులము, మతము అడుగకుండ గోడ పగులగొట్టినవాడు. ఇటువంటి పొరుగును ఏ బోర్డూ నిర్మించలేదు. కలిసి వ్యాపారం చేసి, కలిసి నీళ్ళు పట్టుకొని, ఒకరి పెండ్లికి ఒకరు పోయి తరతరాలుగా అల్లుకొన్నదది.

నెహెమ్యా గ్రంథం చదివినవారికి ఒక సంగతి జ్ఞాపకముండును. యెరూషలేము ప్రాకారము 52 దినములలో ముగిసింది. ఎంతో సంతోషము. కాని చూడగా పట్టణం విశాలం, లోపల జనం కొద్దిమంది, ఇండ్లు ఇంకా కట్టబడలేదు. అప్పుడు చీట్లు వేసి పదిమందిలో ఒకరిని పట్టణంలో కాపురముండుటకు రప్పించవలసి వచ్చింది. గోడ లేచినంతమాత్రాన ఊరు లేచినట్లు కాదని ఆయనకు తెలిసింది. హైదరాబాదు పాతబస్తీకి వ్యతిరేకమైన అపాయమున్నది. అక్కడ జనం ఉన్నారు. వారిని నిలుపుకొనే ఏర్పాటు కావలెను.

అదే పాతబస్తీలో మెట్రో రైలు కోసం మహాత్మాగాంధీ బస్ స్టేషను నుండి చాంద్రాయణగుట్ట వరకు ఏడున్నర కిలోమీటర్ల దారి తలపెట్టారు. ఇండ్లు, దుకాణాలు పోయేవారికి 2025 జనవరిలో పరిహారపు చెక్కులు ఇవ్వడం మొదలైంది. గజానికి 81 వేల రూపాయలని నిర్ణయించారు. రైలు కావలసినదే. కాని గజం లెక్కలో గోడ వస్తుంది, నేల వస్తుంది. నలభై ఏండ్లు అరువిచ్చిన కిరాణా కొట్టు, పిలిస్తే పలికే పక్కిల్లు ఏ గజంలో వస్తాయి?

మన కాలనీల మాట

ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. ఇల్లెందు ప్రాంతంలో 1871లో డాక్టర్ విలియం కింగ్ బొగ్గును కనుగొన్నాడు. 1889లో తవ్వకాలు సాగాయి. 1920లో సింగరేణి కంపెనీ ఏర్పడింది. మన గోదావరిఖనిలో 1961 నుండి బొగ్గు వస్తున్నది. అనగా మన పేటలకు అరవై ఏండ్లు దాటాయి. చార్మినారు ముందు అది చిన్న వయస్సే. కాని మూడు తరాలు పుట్టి పెరిగాయి గదా! యైటింక్లైన్ కాలనీ అనే పేరు చూడండి. భూమిలోనికి దిగే ఎనిమిదవ ఏటవాలు గని పేరే ఊరి పేరైంది. చేప కమాను, కాలీ కమాను ఎంత చరిత్రో ఇదీ అంత చరిత్రే.

మన దగ్గర కూడ మార్పు వేగంగా వస్తున్నది. 1990 ప్రాంతంలో లక్షా పదివేలకు పైబడి ఉన్న సింగరేణి కార్మికులు ఇప్పుడు నలభై వేల చిల్లరకు తగ్గారు. ఎరువుల కర్మాగారం 1999లో మూతబడి, క్రొత్త పేరుతో 2021లో మరల ఉత్పత్తి ప్రారంభించింది. 1971లో వెలిగిన రామగుండం పాత పవర్ హౌస్ 2024 జూన్‌లో శాశ్వతంగా ఆగిపోయింది. ఓపెన్ కాస్టులు వచ్చాక ఊళ్ళకు ఊళ్ళే లేచి వేరొక చోటికి పోయాయి. మన పేటలకు చార్మినారు వంటి గోపురం లేదు గనుక యాత్రికులు రారు, జాబితాలో ఎవరూ చేర్చరు. మన పేటను మనమే జ్ఞాపకముంచుకోవాలి.

కాబట్టి మన కుటుంబాలు చేయదగిన మూడు పనులు సూచిస్తున్నాను. ఇవి డబ్బుతో కూడినవి కావు.

మొదటిది, ఈ వారమే మీ ఇంటి తలుపులు, మెట్లు చూడండి. క్వార్టరు వెనుక గది పెంచి, వెనుక తలుపును బీరువాతో మూసివేసినవారున్నారు. మెట్ల క్రింద బండి నిలిపి, పక్కనే కట్టెలు పేర్చినవారున్నారు. కరెంటు తీగ పాతదైతే తెలిసినవానిచేత మార్పించండి. రాత్రి నిప్పంటుకొంటే ఎవరు ఎటు పోవాలో పిల్లలకు చెప్పి, ఒకసారి నడిపించి చూపండి. గుల్జార్ హౌజ్ దగ్గర పోయిన పిల్లల పేరిట మనం చేయగలిగిన మేలు ఇదే.

రెండవది, ఇంటిలోని పెద్దలను అడిగి వ్రాసి పెట్టండి. మొదట ఏ గనిలో దిగారు? ఏ ఊరినుండి వచ్చారు? ఇప్పుడు గని క్రిందికి పోయిన ఊరిలో బావి ఎక్కడుండేది, బడి ఎక్కడుండేది, మొదటి ప్రార్థన కూడిక ఎవరి పాకలో జరిగింది? ఒక నోటు పుస్తకం చాలు. పదో తరగతి చదివే పిల్ల చేతికి కలమిచ్చి తాతయ్య పక్కన కూర్చుండబెట్టండి. రాయి మాట్లాడదు. దాని సంగతి తెలిసినవారు ఉన్నంతవరకే అది చరిత్ర.

మూడవది, భూసేకరణ నోటీసు వచ్చిన ఊరివారు ఒక్కొక్కరే ఆఫీసుకు పోకండి. అందరూ కూడి వెళ్ళండి. పరిహారం అడుగుట మీ హక్కు. దానితోపాటు, క్రొత్త చోట పాత పొరుగువారిని పక్కపక్కనే ఉంచవలెనని గ్రామసభలోనే అడిగి వ్రాయించుకోండి. వృద్ధురాలైన విధవరాలికి అర్ధరాత్రి ఆయాసం వస్తే, తలుపు తట్టడానికి తెలిసిన ఇల్లు పక్కన ఉండాలి. ఆ ఇల్లు దూరమైతే ఎంత సొమ్మిచ్చినా అది తిరిగి రాదు.

ఈసారి పట్నం వెళ్ళినప్పుడు చార్మినారు దగ్గర ఫోటో తప్పక తీసుకోండి. ఆ తరువాత ఒక అరగంట ఎక్కువ ఉండి, గుల్జార్ హౌజ్ దాకా నడవండి. తల పైకెత్తి కమానుల మీది అంతస్తులో ఆరవేసిన పిల్లల బట్టలు చూడండి. గాజులు కొనేటప్పుడు మరీ గీచి గీచి బేరమాడకండి. ఆ పది రూపాయలు గల్లీలో ఒక కుంపటిని ఆరకుండ చేస్తాయి.